లాబీయిస్టు చిక్కుకున్న అవినీతి కేసును పత్రాల నుంచి చదవడం ఎలా: జాక్ అబ్రమాఫ్ ఉదంతం

ప్రభుత్వ అవినీతి కేసులో ఒక లాబీయిస్టు పేరు బయటపడగానే, అతను ఏయే నాయకులతో ఫొటోలు దిగాడు, ఏ పార్టీకి ఎంత చందా ఇచ్చాడు, ఎవరి పెళ్లికి వెళ్లాడు అన్న వివరాలు పత్రికల్లో పేజీలకు పేజీలు వస్తాయి. అవన్నీ చదివిన తరువాత కూడా అసలు నేరం ఏమిటో చాలామంది పాఠకులు చెప్పలేరు. పరిచయం నేరం కాదు, చట్టం అనుమతించిన మేరకు ఇచ్చిన చందా నేరం కాదు, డబ్బు తీసుకుని ఒకరి తరఫున ప్రభుత్వం దగ్గర వాదించడం, అంటే లాబీయింగ్, అమెరికాలో అసలే నేరం కాదు. ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కును ఆ దేశ రాజ్యాంగపు మొదటి సవరణే కాపాడుతోంది. కాబట్టి ఇలాంటి కేసును చదవడమంటే, చట్టబద్ధమైన పనుల మధ్య దాగి ఉన్న చట్టవిరుద్ధమైన పనిని వేరుచేసి చూడడం. పాత్రికేయులకు, న్యాయ విద్యార్థులకు, అమెరికాలో ఓటు హక్కు ఉన్న తెలుగువారికి పనికివచ్చేలా ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

సాధన కోసం ఎంచుకున్నది జాక్ అబ్రమాఫ్ కేసు. దీన్ని ఎంచుకోవడానికి కారణం అది సంచలనాత్మకం కావడం కాదు. దాని పత్రాలు దాదాపు అన్ని రకాలూ బహిరంగంగా ఉన్నాయి: లాబీయింగ్ నివేదికలు, సెనేట్ విచారణ కోసం స్వాధీనం చేసుకున్న ఈమెయిళ్లు, నేరాంగీకార ఒప్పందాలు, జ్యూరీ ముందు జరిగిన విచారణలు, అప్పీలులో కొట్టివేసిన తీర్పు, చివరకు ఒక అధ్యక్ష క్షమాభిక్ష. సుమారు 20 మంది దోషులుగా తేలిన ఈ వ్యవహారంలో ఒక్కొక్కరి దారి ఒక్కో రకంగా ముగిసింది. చదవడం నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి పాఠ్యాంశం దొరకదు.

ముందుగా స్థూలంగా కథ తెలుసుకోవాలి. రిపబ్లికన్ విద్యార్థి సంఘ నాయకుడిగా రాజకీయాల్లోకి వచ్చిన అబ్రమాఫ్ 1994లో ప్రెస్టన్ గేట్స్ అనే న్యాయసంస్థలో లాబీయిస్టుగా చేరి, 2001 నుంచి గ్రీన్‌బర్గ్ ట్రారిగ్ సంస్థలో పనిచేశాడు. అతని ప్రధాన ఖాతాదారులు కేసినోలు నడిపే అమెరికా ఆదివాసీ తెగలు. ఆ తెగలు అతనికీ, అతని భాగస్వామి మైకేల్ స్కాన్లన్‌కూ మూడేళ్లలో కనీసం 4.5 కోట్ల డాలర్లు చెల్లించాయని 2004 ఫిబ్రవరి 22న వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది. సెనేటర్ జాన్ మెకెయిన్ చొరవతో సెనేట్ ఆదివాసీ వ్యవహారాల సంఘం విచారణ మొదలుపెట్టింది. 2005 నవంబరులో స్కాన్లన్, 2006 జనవరి 3న అబ్రమాఫ్ నేరం అంగీకరించారు.

అధికారి దగ్గర కాదు, ఖాతాదారు దగ్గర మొదలుపెట్టండి

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం ఇదే. లాబీయిస్టు కేసు అనగానే మన చూపు మంత్రి మీదికో, సభ్యుడి మీదికో పోతుంది. లంచం చేరిన చోటు నుంచి వెనక్కి వెళ్లాలనుకుంటాం. కానీ అధికారి దగ్గర మిగిలేది భోజనం బిల్లు, ఆటల టికెట్టు, విమానం టికెట్టు లాంటి చిన్న వస్తువులే. అసలు మొత్తాలు ఖాతాదారు చెక్కుపుస్తకంలో ఉంటాయి. ఖాతాదారు ఎంత ఇచ్చాడు, దేనికోసం ఇచ్చాననుకున్నాడు, ఆ డబ్బు నిజంగా ఎక్కడికి వెళ్లింది అన్న మూడు ప్రశ్నలతో మొదలుపెడితే మిగతా పాత్రలు వాటంతట అవే వరుసలోకి వస్తాయి.

అబ్రమాఫ్ కేసులో ఆ తెగలు ఎందుకు అంత డబ్బు ఇచ్చాయో ముందు అర్థం చేసుకోవాలి. 1988 నాటి ఆదివాసీ జూద నియంత్రణ చట్టం ప్రకారం కేసినో తరహా జూదం నడపాలంటే తెగకూ రాష్ట్ర ప్రభుత్వానికీ మధ్య ఒప్పందం ఉండాలి. ఫెడరల్ ప్రభుత్వంలో ఆదివాసీల విషయాలు చూసే అంతర్గత వ్యవహారాల శాఖ ఆమోదం కావాలి. పొరుగు తెగకు అనుమతి వస్తే మన కేసినోకు వచ్చే జనం తగ్గుతారు. అంటే ఒక్కో తెగ ఆదాయం వాషింగ్టన్‌లోనూ, రాష్ట్ర రాజధానిలోనూ తీసుకునే నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది. భయం ఉన్న చోట పైరవీకి గిరాకీ ఉంటుంది. లూసియానా కుషాటా తెగ ఒక్కటే ఈ ఇద్దరికీ సంబంధించిన సంస్థలకు సుమారు 3.2 కోట్ల డాలర్లు చెల్లించింది.

ఇక్కడే మొదటి పత్రం తెరవాలి. 1995 నాటి లాబీయింగ్ వెల్లడి చట్టం కింద లాబీయిస్టు తన ఖాతాదారు ఎవరో, ఏ అంశం మీద పనిచేస్తున్నాడో, ఎంత ఆదాయం వచ్చిందో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఉభయసభల కార్యాలయాలకు నివేదించాలి. అప్పట్లో ఆరు నెలలకొకసారి ఇచ్చే ఈ నివేదికలను 2007 చట్టం తరువాత మూడు నెలలకొకసారి ఇస్తున్నారు. ఇవి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సంస్థ పేరుతో, ఖాతాదారు పేరుతో వెతకవచ్చు. అయితే ఈ నివేదిక ఏం చెప్పదో తెలియకపోతే అది మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ప్రజాభిప్రాయాన్ని కూడగట్టే ప్రచారం, అంటే ఫోన్లు చేయించడం, ఉత్తరాలు రాయించడం, ప్రకటనలు ఇవ్వడం లాంటివి, ఈ చట్టం పరిధిలోకి రావు. గ్రీన్‌బర్గ్ ట్రారిగ్ సంస్థకు తెగలు ఇచ్చిన నెలవారీ ఫీజు నివేదికల్లో కనిపిస్తుంది. అదే తెగలు అబ్రమాఫ్ సిఫారసు మీద స్కాన్లన్ సంస్థకు ఇచ్చిన డబ్బు కనిపించదు. ఆరు తెగలు స్కాన్లన్ సంస్థలకు కనీసం 6.6 కోట్ల డాలర్లు చెల్లించాయని 2006 జూన్‌లో వెలువడిన సెనేట్ నివేదిక తేల్చింది. పెద్ద మొత్తం వెళ్లింది రిజిస్టరు లేని తలుపు గుండానే. స్కాన్లన్ తన లాభంలో దాదాపు సగం రహస్యంగా అబ్రమాఫ్‌కు ఇచ్చాడు. తమకు సలహా ఇస్తున్న లాబీయిస్టుకు తాము చెల్లించే బిల్లులోనే వాటా ఉందని తెగలకు తెలియదు.

కాబట్టి వెల్లడి నివేదికలో ఒక అంకె కనిపించినప్పుడు, అదే ఖాతాదారు అదే కాలంలో అదే లాబీయిస్టు సూచించిన ఇంకెవరికైనా చెల్లించాడా అని తప్పనిసరిగా వెతకండి. ప్రజాసంబంధాల సంస్థ, సర్వే సంస్థ, న్యాయ సలహాదారు, ధార్మిక సంస్థ, ఎవరైనా కావచ్చు.

ధార్మిక సంస్థల ముసుగు

లాబీయిస్టు కేసుల్లో డబ్బు నేరుగా నడవడం అరుదు. అది లాభాపేక్ష లేని సంస్థల గుండా మలుపులు తిరుగుతుంది. అమెరికాలో ఇలాంటి సంస్థలు పన్ను శాఖకు సమర్పించే వార్షిక పత్రాన్ని ఎవరైనా చూడవచ్చు. అందులో ఆదాయం, ఖర్చు, సంచాలకుల పేర్లు, ఇచ్చిన గ్రాంట్లు ఉంటాయి. ఆ పత్రంలో మూడు చోట్ల ఆగండి: సంస్థ తన లక్ష్యంగా రాసుకున్న వాక్యం, గ్రాంట్లు పొందినవారి జాబితా, సంచాలకుల జాబితా.

అబ్రమాఫ్ నడిపిన కేపిటల్ అథ్లెటిక్ ఫౌండేషన్ పిల్లల్లో క్రీడాస్ఫూర్తి పెంచడం తన పని అని చెప్పుకుంది. దాని డబ్బులో ఎక్కువ భాగం మేరీల్యాండ్‌లో అతనే స్థాపించిన పాఠశాలకు వెళ్లింది. కొంత కాంగ్రెస్ సభ్యుడి గోల్ఫ్ విహారానికి ఖర్చయింది. స్కాన్లన్ నెలకొల్పిన అమెరికన్ ఇంటర్నేషనల్ సెంటర్ అంతర్జాతీయ మేధోసంస్థగా పేరు పెట్టుకుని, డెలావేర్ రాష్ట్రంలోని రెహోబోత్ బీచ్ పట్టణంలో ఒక ఇంటి చిరునామాతో పనిచేసింది. దాని సంచాలకులలో ఒకరు సముద్రతీరంలో లైఫ్‌గార్డు, మరొకరు యోగా శిక్షకుడు. సెనేట్ ముందు ఇది బయటపడినప్పుడు నవ్వులు పూశాయి గాని, పత్రం చదివేవాడికి అందులో పనికొచ్చే సూత్రం ఉంది: సంస్థ పేరు ఎంత గంభీరంగా ఉంటే సంచాలకుల వృత్తిని అంత ముందుగా చూడాలి.

టిగువా తెగ: కాలక్రమం వేసుకుని చూడండి

ఈ కేసు మొత్తంలో ఒక్క భాగాన్నే లోతుగా చదవగలిగితే, టెక్సస్ రాష్ట్రంలోని ఎల్ పాసో నగరంలో ఉన్న టిగువా తెగ కథను చదవమని చెబుతాను. ఇక్కడ వాడవలసిన పనిముట్టు రెండు నిలువు గడుల కాలక్రమ పట్టిక. ఎడమ గడిలో బయటి ప్రపంచంలో జరిగిన సంఘటనలు, కుడి గడిలో డబ్బు, ఉత్తరాలు, సమావేశాలు రాసుకోవాలి. రెండు గడులూ విడివిడిగా చూస్తే అమాయకంగా ఉంటాయి. పక్కపక్కన పెడితేనే మాట్లాడతాయి.

ఎడమ గడిలో: టెక్సస్ అటార్నీ జనరల్ టిగువాల స్పీకింగ్ రాక్ కేసినోను మూయించాలని కోర్టులో పోరాడారు. 2002 ఫిబ్రవరిలో అది మూతపడింది. ఎల్ పాసోలో చాలామందికి ఉద్యోగాలు పోయాయి, తెగకు ప్రధాన ఆదాయం ఆగిపోయింది. ఇప్పుడు కుడి గడి చూడండి. టెక్సస్‌లో కేసినోలు ఉండరాదన్నది లూసియానా కుషాటా తెగ కోరిక, ఎందుకంటే హ్యూస్టన్ నుంచి వచ్చే జూదరులే వారి ఆదాయం. కుషాటాల డబ్బుతో అబ్రమాఫ్, స్కాన్లన్ టెక్సస్‌లో జూద వ్యతిరేక ప్రచారాన్ని నడిపించారు. క్రైస్తవ సంప్రదాయవాదుల్లో పలుకుబడి గల రాల్ఫ్ రీడ్ ఆ ప్రచారానికి ముందు నిలిచాడు. రీడ్ మీద ఏ అభియోగమూ నమోదు కాలేదని ఇక్కడే రాసుకోండి. పట్టికలో పేరు ఉన్నంత మాత్రాన నిందితుడు కాడు.

కేసినో మూతపడిన కొద్దిరోజులకే అదే ఇద్దరూ ఎల్ పాసో వెళ్లి, దాన్ని మళ్లీ తెరిపిస్తామని టిగువా నాయకులకు మాట ఇచ్చారు. అబ్రమాఫ్ తనకు ఫీజు వద్దన్నాడు. పని చేయించడానికి స్కాన్లన్ సంస్థకు మాత్రం 42 లక్షల డాలర్లు ఇవ్వాలన్నారు, తెగ ఇచ్చింది. ఆ మొత్తంలోనూ అబ్రమాఫ్‌కు రహస్య వాటా ఉంది. ఫీజు వద్దన్న మాట ఇక్కడ పెద్ద ఆధారం. ఉచితంగా పనిచేస్తానని చెప్పిన లాబీయిస్టు తాను సూచించిన మరొకరి బిల్లు దగ్గర మాత్రం పట్టుబట్టితే, ఆ బిల్లు వెనుక ఒప్పందం ఉందేమోనని వెతకాలి.

అదే 2002 మార్చిలో తెగ, ఒహాయో నుంచి ఎన్నికైన రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు బాబ్ నే ప్రచార సంఘాలకు 32,000 డాలర్లు ఇచ్చింది. ఎన్నికల సంస్కరణల బిల్లులో టిగువాల కేసినోకు అనుకూలమైన ఒక నిబంధనను చేర్పించేందుకు నే ఒప్పుకున్నాడు. ఆగస్టులో అతను స్కాట్లండ్‌కు గోల్ఫ్ విహారానికి వెళ్లాడు. ఆ ప్రయాణం మొత్తం ఖర్చు 1,60,000 డాలర్లు దాటింది. నిబంధన చివరకు బిల్లులో చేరనే లేదు. ఇది చూసి కొందరు, పనే జరగనప్పుడు లంచం ఎలా అవుతుందని అడుగుతారు. పని నెరవేరడం అవసరం లేదు. అధికారిక పని చేస్తానని ఒప్పుకుని దానికి బదులుగా విలువైనది తీసుకోవడమే నేరానికి చాలు. 2006 అక్టోబరులో నే నేరం అంగీకరించాడు, 2007 జనవరిలో 30 నెలల జైలుశిక్ష పడింది.

పట్టికకు ఇంకొక వరుస చేర్చవచ్చు, అది కేసుకు సంబంధించినది కాకపోయినా. టిగువాల జూద హక్కుల వివాదం ఆ తరువాత కూడా ఇరవై ఏళ్లు నడిచి, 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టులో 5-4 తేడాతో తెగకు అనుకూలంగా తీర్పు వచ్చింది. లాబీయిస్టులు 42 లక్షలు తీసుకుని చేయలేని పనిని న్యాయవాదులు బహిరంగ కోర్టులో కొంతవరకైనా సాధించారు.

ఈమెయిళ్లను ఎలా వాడాలి

సెనేట్ సంఘం బయటపెట్టిన ఈమెయిళ్లలో అబ్రమాఫ్, స్కాన్లన్ తమకు డబ్బిచ్చే తెగలనే అవమానకరంగా తిట్టుకున్నారు. పత్రికలు వాటినే ఎత్తి రాశాయి, ప్రజలకు కోపం వచ్చింది, అది సహజం. అయితే తిట్టడం నేరం కాదు. నేరాన్ని నిరూపించే ఈమెయిళ్లు పొడిగా, విసుగు పుట్టించేలా ఉంటాయి: ఎంత వచ్చింది, ఎంత మిగిలింది, నీ సగం ఎంత, ఏ ఖాతాకు పంపాలి. అంకె, తేదీ, సంస్థ పేరు ఉన్న ఈమెయిలును పక్కన పెట్టుకోండి. విశేషణాలు మాత్రమే ఉన్నవాటిని వదిలేయండి. ఆ తరువాత, అంకె ఉన్న ప్రతి ఈమెయిలుకూ బ్యాంకు బదిలీ గాని, నేరాంగీకార పత్రంలోని పేరా గాని జోడీగా దొరుకుతుందేమో చూడండి. జోడీ దొరకని ఈమెయిలును వ్యాసంలో వాడేటప్పుడు అది ఒకవైపు మాట మాత్రమేనని చెప్పాలి.

సెనేట్ సాక్ష్యాలకూ జాగ్రత్త కావాలి. 2004 సెప్టెంబరు 29న సంఘం ముందుకు వచ్చిన అబ్రమాఫ్, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కరలేదనే రాజ్యాంగపు అయిదవ సవరణ హక్కును వాడుకుని ప్రశ్నలకు జవాబు ఇవ్వలేదు. మౌనం నుంచి ఏ నిర్ధారణకూ రాకూడదు. దానికి భిన్నంగా, అంతర్గత వ్యవహారాల శాఖలో ఉప మంత్రిగా ఉన్న స్టీవెన్ గ్రైల్స్ జవాబు చెప్పాడు, అందులో అబద్ధం చెప్పాడు. తనకూ అబ్రమాఫ్‌కూ ఉన్న పరిచయం గురించి సెనేట్‌ను తప్పుదోవ పట్టించినందుకు 2007లో నేరం అంగీకరించాడు, 10 నెలల జైలుశిక్ష పడింది. గ్రైల్స్ లంచం తీసుకున్నాడని ఏ కోర్టూ చెప్పలేదు. అతనికి శిక్షపడిన నేరం విచారణకు అడ్డుపడడం. ఈ తేడా పాటించకుండా రాసిన వ్యాసాలు కోకొల్లలు.

అభియోగ పత్రం, నేరాంగీకారం

కోర్టు పత్రాలను ఫెడరల్ న్యాయస్థానాల వెబ్‌సైటులో పేజీకి 10 సెంట్ల చొప్పున, ఒక పత్రానికి గరిష్ఠంగా 3 డాలర్లు చెల్లించి పొందవచ్చు. మూడు నెలల్లో 30 డాలర్లు మించకపోతే ఆ రుసుము కూడా వసూలు చేయరు. అందువల్ల డబ్బు లేక చదవలేదన్న సాకు పనికిరాదు.

అబ్రమాఫ్ మీద వాషింగ్టన్‌లో నమోదైనది గ్రాండ్ జ్యూరీ (అభియోగం మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందం) మోపిన అభియోగం కాదు. నేరం ఒప్పుకోబోతున్న వ్యక్తి అంగీకారంతో ప్రాసిక్యూటర్లే నేరుగా దాఖలు చేసిన పత్రం. అందులో మూడు నేరాలున్నాయి: కుట్ర, ప్రజలకో ఖాతాదారుకో న్యాయంగా అందవలసిన నిజాయితీతో కూడిన సేవను దక్కకుండా చేసిన మోసం, పన్ను ఎగవేత. ఆ మరుసటి రోజే మయామీలో వేరే కేసులో మరొక అంగీకారం. అది సన్‌క్రూజ్ అనే జూదనౌకల సంస్థను 2000లో 14.75 కోట్ల డాలర్లకు కొనేటప్పుడు, తమ వాటా 2.3 కోట్లు చెల్లించినట్లు దొంగ బ్యాంకు బదిలీ పత్రం చూపి అప్పు ఇచ్చినవారిని మోసగించిన కేసు. ఈ రెండు కేసులనూ కలిపి రాయడం చాలాచోట్ల చూశాను. మయామీ కేసు సారాంశంలో వ్యాపార మోసం, వాషింగ్టన్ కేసు ప్రభుత్వ అవినీతి. శిక్షలు కూడా వేరు: మయామీలో 2006 మార్చిలో 5 సంవత్సరాల 10 నెలలు, వాషింగ్టన్‌లో 2008 సెప్టెంబరులో 4 సంవత్సరాలు.

ఇలాంటి పత్రాల్లో అభియోగం లేనివారి పేర్లు రాయరు. బాబ్ నే 'ప్రతినిధి 1'గా, ప్రతినిధుల సభలో రిపబ్లికన్ నాయకుడు టామ్ డిలే దగ్గర పనిచేసిన టోనీ రూడీ 'ఉద్యోగి ఎ'గా, నే దగ్గర పనిచేసిన నీల్ వోల్జ్ 'ఉద్యోగి బి'గా కనిపిస్తారు. ఆ ముసుగు పేర్ల వెనుక ఎవరున్నారో ఊహించడం కష్టం కాదు, అయినా అధికారిక పత్రం పేరు చెప్పేవరకు ఊహను ఊహగానే రాయాలి. 'ఉద్యోగి ఎ' గురించిన పేరా మరీ నేర్పించేలా ఉంటుంది: ఇంటర్నెట్ జూదాన్ని నిషేధించే బిల్లును అడ్డుకోవడం వంటి పనుల కాలంలో, అతని భార్యకు ఒక లాభాపేక్ష లేని సంస్థ గుండా నెలకు 5,000 డాలర్ల చొప్పున పది నెలల పాటు డబ్బు చేరింది. కుటుంబ సభ్యుడికి ఉద్యోగం, సమానమైన వాయిదాలు, మధ్యలో ఒక సంస్థ: ఈ మూడూ కలిసిన చోట చదివే వేగం తగ్గించండి.

వోల్జ్ విషయంలో చూడవలసినది ఒక తేదీ. నే కార్యాలయంలో ముఖ్య ఉద్యోగిగా ఉన్న అతను 2002లో అబ్రమాఫ్ బృందంలో లాబీయిస్టుగా చేరాడు. అలా బయటికి వచ్చినవారు ఏడాదిపాటు తమ పాత కార్యాలయం దగ్గర పైరవీ చేయకూడదు. అతను చేశాడు. ప్రభుత్వంలో నుంచి లాబీయింగ్‌లోకి మారిన ఏ వ్యక్తి విషయంలోనైనా రాజీనామా తేదీ, కొత్త ఉద్యోగంలో మొదటి సమావేశపు తేదీ పక్కపక్కన రాసుకుంటే సగం పని అయినట్లే.

టామ్ డిలే గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అతని దగ్గర పనిచేసినవారు నేరం అంగీకరించారు, అతను అబ్రమాఫ్‌కు సన్నిహితుడు, అయినా ఫెడరల్ దర్యాప్తులో అతనిపై అభియోగం మోపకుండానే 2010లో అతని విషయం ముగించారు. టెక్సస్‌లో ప్రచార నిధుల కేసులో అతనికి పడిన శిక్ష వేరు. అది కూడా తరువాత అప్పీలులో కొట్టివేశారు. రెండింటినీ ఒకే వాక్యంలో కలిపితే అది పరువునష్టం దావాకు ఆహ్వానమే.

ఒప్పుకున్నవారికంటే పోరాడినవారి కేసులు ఎక్కువ చెబుతాయి

నేరాంగీకారం బేరసారాల ఫలితం. తక్కువ శిక్ష కోసం నిందితుడు ప్రాసిక్యూషన్ రాసిన కథనానికి సంతకం చేస్తాడు, ఇతరుల మీద సాక్ష్యం ఇస్తాడు. 2006 జనవరిలో ఒప్పుకున్న అబ్రమాఫ్‌కు వాషింగ్టన్ కేసులో శిక్ష 2008 సెప్టెంబరు దాకా ఆగడానికి ఈ సహకారమే కారణం. అందువల్ల ఆధారాలు నిజంగా గీటురాయి మీద పడేది జ్యూరీ ముందు, అప్పీలు కోర్టులో.

అబ్రమాఫ్ సహచరుడు కెవిన్ రింగ్ ఒప్పుకోలేదు. 2009లో మొదటి జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. 2010 నవంబరులో రెండవ జ్యూరీ ఎనిమిదింటిలో అయిదు అభియోగాల మీద దోషిగా నిర్ధారించింది, మూడింటి మీద కాదు. ఆటల టికెట్లు, భోజనాలు ఎప్పుడు మర్యాద, ఎప్పుడు ముడుపు అన్న ప్రశ్న మీద వాదనలు తెలుసుకోవాలంటే ఈ కేసు అప్పీలు తీర్పును చదవాలి. ప్రభుత్వ సేకరణ విభాగాల్లో పనిచేసిన డేవిడ్ సఫావియన్‌ది ఇంకా మెలికల దారి: 2006లో దోషి, 2008లో అప్పీలు కోర్టు ఆ తీర్పును రద్దు చేసింది, అదే ఏడాది డిసెంబరులో మళ్లీ విచారణ జరిగి మళ్లీ దోషి, 2020 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష. 2006లో పేపరు చదవడం మానేసిన పాఠకుడి దగ్గర ఈ కథలో నాలుగో వంతే ఉంటుంది.

పత్రం చదివేటప్పుడు ఆనాటి చట్టం ఈనాటిది కాదన్న సంగతి కూడా గుర్తుండాలి. 'నిజాయితీతో కూడిన సేవ' అనే భావన చాలా విశాలంగా ఉండేది. 2010 జూన్‌లో ఎన్రాన్ అధికారి స్కిల్లింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని లంచాలకూ రహస్య కమీషన్లకూ కుదించింది. 2016లో వర్జీనియా మాజీ గవర్నర్ మెక్‌డనెల్ కేసులో, సమావేశం ఏర్పాటు చేయడం, ఫోన్ చేసి పరిచయం చేయడం వంటివి వాటంతట అవి 'అధికారిక పని' కావని తేల్చింది. ఈ రెండు తీర్పుల తరువాతి కేసును 2006 నాటి కొలతలతో కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. మరోవైపు 2007లో వచ్చిన చట్టం లాబీయిస్టులు కాంగ్రెస్ సభ్యులకు బహుమతులు, భోజనాలు ఇవ్వడాన్ని కట్టడి చేసి, వెల్లడి చట్టాన్ని కావాలని ఉల్లంఘిస్తే జైలుశిక్ష పడేలా చేసింది. అబ్రమాఫ్ ఉదంతం తెచ్చిన ఒత్తిడి లేకుండా ఆ చట్టం వచ్చేది కాదు. 2020లో ఆ సవరించిన చట్టం కింద అభియోగం ఎదుర్కొన్న మొదటి వ్యక్తి కూడా అబ్రమాఫే, ఒక గంజాయి వ్యాపార పైరవీ విషయంలో నమోదు చేసుకోనందుకు.

తెలుగులో రాసేవారికి రెండు మాటలు

ఒకటి అంకెల గురించి. మిలియన్ అంటే 10 లక్షలు. అమెరికా పత్రాల్లో 66 మిలియన్లు కనిపిస్తే 6.6 కోట్లు అని రాయాలి, 66 కోట్లు అని కాదు. ఈ పొరపాటు మన పత్రికల్లో శీర్షికల దాకా ఎక్కుతుంది. రూపాయల్లోకి మార్చదలిస్తే ఏ సంవత్సరపు మారకం రేటో చెప్పాలి, లేదంటే డాలర్లలోనే వదిలేయాలి.

రెండోది దశల గురించి. ఆరోపణ, అభియోగం, నేరాంగీకారం, దోషి నిర్ధారణ, శిక్ష, అప్పీలు అన్నవి వరుసగా వచ్చే వేర్వేరు మెట్లు. ప్రతి వ్యక్తి పేరు పక్కనా అతను నిలిచిన మెట్టు, దాని తేదీ రాసుకున్న ఒక జాబితా దగ్గర పెట్టుకుంటే రచనలో తూలిపోయే ప్రమాదం తగ్గుతుంది.

భారతదేశపు కేసులకు ఈ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందంటే, సగం వరకే. మన దేశంలో లాబీయిస్టులు నమోదు చేసుకోవాలన్న చట్టమే లేదు కాబట్టి మొదటి పత్రం దొరకదు. వాల్‌మార్ట్ సంస్థ భారత మార్కెట్ ప్రవేశం సహా పలు అంశాల మీద పైరవీకి పెట్టిన ఖర్చు 2012 డిసెంబరులో మన పార్లమెంటును కుదిపేసింది. ఆ వివరం బయటపడింది మాత్రం అమెరికా సెనేట్‌కు ఆ సంస్థ ఇచ్చిన నివేదికల నుంచే. మన దగ్గర చూడవలసినవి వేరు: అవినీతి నిరోధక చట్టంలో 2018 సవరణతో వచ్చిన 7ఎ సెక్షన్ ప్రభుత్వోద్యోగిని ప్రభావితం చేయడానికి ప్రతిఫలం తీసుకునే మధ్యవర్తిని నేరుగా శిక్షిస్తుంది; ఛార్జిషీటులో ఆ సెక్షన్ ఉందో లేదో మొదట చూడాలి. తరువాత కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సంచాలకుల వివరాలు, 2024 మార్చిలో ఎన్నికల సంఘం ప్రచురించిన ఎన్నికల బాండ్ల జాబితా, న్యాయస్థానాల ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో, ప్రతి కేసుకూ ఇచ్చే అక్షరాలూ అంకెలూ కలిసిన 16 స్థానాల సీఎన్ఆర్ సంఖ్యతో దొరికే ఉత్తర్వులు.

కార్పొరేట్ లాబీయిస్టు నీరా రాడియా ఫోన్ సంభాషణల టేపులు 2010లో బయటికి వచ్చినప్పుడు దేశమంతా ఆ సంభాషణలను విన్నది. ఆమె టెలికాం స్పెక్ట్రం కేటాయింపులకు సంబంధించిన 2జీ కేసులో నిందితురాలు కాదు, ప్రాసిక్యూషన్ సాక్షి. టేపుల్లో నేరం కనిపించలేదని సీబీఐ 2022లో సుప్రీంకోర్టుకు తెలిపింది. 2జీ కేసు నిందితులందరినీ ప్రత్యేక న్యాయస్థానం 2017 డిసెంబరు 21న నిర్దోషులుగా విడిచిపెట్టింది, దాని మీద సీబీఐ వేసిన అప్పీలును 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు విచారణకు స్వీకరించింది. ఈ కేసు మీద రాసేవారు వ్యాసం పంపే ముందు రోజు హైకోర్టు వెబ్‌సైటులో అప్పీలు తాజా స్థితిని మరొకసారి చూసి, ఆ తేదీతో సహా రాయాలి.